మొవ్వులో పడ్డ గాటు

మొన్న ఆదివారం మా నాన్నగారి తోటలో దింపు జరిగింది. అంబాజీపేట అవతల, కాలవ గట్టు పక్కన రెండెకరాల కొబ్బరి. దింపు చేసే బాబాయి గెలలతో పాటు ఒక మట్ట కూడా కోసి కింద పడేశాడు. పచ్చి మట్టే. కానీ దాని ఆకులు రెండు పక్కలా సగానికి తెగిపోయి ఉన్నాయి. కత్తెర పుచ్చుకుని ఏటవాలుగా కోసినట్టు, విప్పిన విసనకర్ర అంచులా ఉంది.

"కొమ్ముపురుగే కదా బాబాయ్? ఇప్పుడు మందేయించాలా?" అని అడిగాను.

"ఆయ్, పురుగేనండి. కానీ అదిప్పుడు చెట్టు మీద లేదండమ్మాయిగారూ. ఇది రెండు మూణ్ణెల్ల కిందటి దెబ్బ. మట్ట మొవ్వులో ముడుచుకుని ఉన్నప్పుడే తొలిచేసి ఎళ్ళిపోయింది. అప్పుడెవరికీ కనపడదండి. మట్ట విచ్చుకున్నాకే బయటపడుద్ది."

ఈ తోటలోనే పెరిగినదాన్ని. ఆ గాటు చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అయినా ఆ రోజు ఆ మాట నాకు వేరేగా వినిపించింది. మట్ట ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకో చెప్పాలంటే మా పిన్ని కొడుకు సంగతి చెప్పాలి.

వాడికి 36 ఏళ్ళు. నాకు తమ్ముడి వరస, చిన్నప్పుడు నా చంకలో తిరిగినవాడు. పోయినేడాది పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ అయ్యింది, తరవాత కీమో. సిగరెట్ ముట్టడు, మందు ముట్టడు. పెళ్ళిళ్ళలో కిళ్ళీ ఇచ్చినా పక్కవాళ్ళకి ఇచ్చేస్తాడు. అయినా ఊళ్ళో మాట పుట్టింది. "చాటుగా తాగేవాడేమో", "బయట తిండి ఎక్కువట", "ఎవరి ఉసురో తగిలింది". చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ముందు అలవాట్లే అడుగుతారు, తరవాత ఎలా ఉందని అడుగుతారు. ఈ మాటలన్నీ పిన్ని చెవిన పడుతూనే ఉన్నాయి. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పిల్లలకి సైన్సు చెప్తావు కదే. వాడేం చేశాడని వచ్చింది? నా పెంపకంలో ఏం తప్పు జరిగింది?" అంది.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. మ్యుటేషన్, అంటే డీఎన్ఏలో పడే మార్పు, ఏమిటో ఇరవయ్యేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. పిన్ని అడిగినప్పుడు మాత్రం నోట మాట రాలేదు. అప్పటి నుంచి రాత్రిళ్ళు కూర్చుని చదువుతూనే ఉన్నాను. చదివినదాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

మన ఒక్కో కణంలో డీఎన్ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలతో రాసిన దాదాపు 300 కోట్ల అక్షరాల పుస్తకం. కణం రెండుగా చీలిన ప్రతిసారీ పుస్తకమంతా తిరిగి రాయాలి. రాతలో తప్పులు పడతాయి. బయటి నుంచి దెబ్బలూ తగులుతాయి. చాలావరకు కణమే దిద్దేసుకుంటుంది, కొన్ని మిగిలిపోతాయి. ఒక కణితిలో అలా మిగిలినవి వేలల్లో, కొన్నిట్లో లక్షల్లో ఉంటాయి. వాటిలో క్యాన్సర్‌ని నిజంగా నడిపించేవి కొద్దే. మిగతావాటిని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కథంతా ఉన్నది వాటిలోనే.

ఎందుకంటే దెబ్బ కొట్టే ప్రతిదానికీ తనదైన తీరు ఉంటుంది. ఒక అక్షరం మారడం ఎన్ని రకాలుగా జరగొచ్చో లెక్క వేస్తే, ఎ ఎప్పుడూ టి తోనూ, సి ఎప్పుడూ జి తోనూ జతగా ఉంటాయి కాబట్టి ఆరు రకాలే తేలతాయి. అయితే మారిన అక్షరం ఒక్కటే చూస్తే సరిపోదు. దాని ఎడమపక్క ఏముంది, కుడిపక్క ఏముంది అన్నది కూడా చూడాలి. ఎడమ నాలుగు, మార్పులు ఆరు, కుడి నాలుగు. మొత్తం 96. కణితిలో దొరికిన మార్పులన్నిటినీ ఈ 96 గళ్ళలో పంచి బొమ్మ గీస్తే, కొన్ని గళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయి, కొన్ని నేల మీదే ఉంటాయి. ఆ ఎత్తుపల్లాల బొమ్మే దెబ్బ కొట్టినదాని సంతకం. మ్యుటేషనల్ సిగ్నేచర్ అంటారు.

చిక్కెక్కడంటే, ఒక్కో కణితి మీద నాలుగైదు సంతకాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర వరద నీరు ముంచుకొచ్చినప్పుడు చూడండి. ప్రాణహిత తెచ్చినదీ, ఇంద్రావతి తెచ్చినదీ, శబరి తెచ్చినదీ అన్నీ కలిసి ఒకే బురద నీరుగా కనిపిస్తాయి. ఒక్క బిందె ముంచితే దేని వాటా ఎంతో చెప్పలేం. వేల బిందెలు, వేరువేరు వరదల్లో ముంచినవి పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం, ఏవి ఎప్పుడూ కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూసి విడదీయొచ్చు. బ్రిటన్‌లోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్‌లో లుడ్మిల్ అలెగ్జాండ్రోవ్, మైక్ స్ట్రాటన్ బృందం చేసిందిదే. 7,042 కణితుల నుంచి 49,38,362 మార్పులు తీసుకుని, లెక్కతోనే విడదీసి, 20కి పైగా సంతకాలు ఉన్నాయని 2013లో చూపించారు. ఇప్పుడు ఆ పట్టిక ఇంకా పెరిగింది.

అన్నిటికంటే మొదట పిన్నికి చెప్పాలనిపించింది ఒకటో నంబరు సంతకం గురించి. ఎస్‌బిఎస్1. ఎస్‌బిఎస్ అంటే ఒక్క అక్షరం మారడం. డీఎన్ఏలో సి పక్కన జి ఉన్న చోట, ఆ సికి తరచుగా మిథైల్ అని చిన్న తోక తగిలించి ఉంటుంది. ఒంట్లో ఉన్న మామూలు నీళ్ళే దాన్ని అప్పుడప్పుడు టిగా మార్చేస్తాయి. పొగ అక్కర్లేదు, విషం అక్కర్లేదు, బతికి ఉంటే చాలు. వయసుతో పాటు గడియారంలా పేరుకుపోతుంది. దాదాపు అన్ని రకాల క్యాన్సర్లలోనూ ఇది కనిపిస్తుంది. ఎవరి తప్పూ లేకుండా పడే గాట్లు ఉన్నాయని ఇంత స్పష్టంగా చెప్పే రుజువు నేను ఇంకొకటి చూడలేదు.

ఇక పొగాకు. దీని దగ్గర నాకు మా నాన్నమ్మ గుర్తుకొస్తుంది. ఆవిడ పుట్టిల్లు తుని దాటాక. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళకి ఎక్కువగా ఉన్న అలవాటు. నాట్లేసేటప్పుడు రెండు చేతులకీ బురద, పైన వాన. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరదు, వానకి తడవదు. నాలుకతోనే చుట్టని ఆ దవడ నుంచి ఈ దవడకి తిప్పేది. పిల్లలం నోళ్ళు తెరిచి చూసేవాళ్ళం. లంక పొగాకు ఆకు నిమురుతూ, ఈనె చీలుస్తూ అరుగు మీద కూర్చున్న ఆవిడ వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. అంగిట్లో పుండు లేచి, 1994లో పోయింది. ఆఖరి రెండు నెలలు గంజి కూడా మింగలేకపోయింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాళ్ళ నోళ్ళు పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిలికి ఏమవుతుందో చెప్పిన పరిశోధన 1971లోనే అచ్చయింది. మా ఇంటికి ఆ కబురు చేరలేదు.

పొగలో ఉండే బెంజోపైరీన్ లాంటివి కణంలోకి వెళ్ళి జి అక్షరానికి జిగురులా అంటుకుంటాయి. తిరగరాసేటప్పుడు ఆ జి సరిగా కనపడక దాని బదులు టి పడుతుంది. జత వైపు నుంచి చూస్తే సి పోయి ఎ అవుతుంది. ఇదే ఎస్‌బిఎస్4. 2010లో ఒక ఊపిరితిత్తుల క్యాన్సర్ కణం పుస్తకమంతా చదివితే 22,910 మార్పులు తేలాయి. సుమారు 15 సిగరెట్లకి ఒక మార్పు చొప్పున పడిందని లెక్క కట్టారు. 2016లో ఇంకో లెక్క వచ్చింది. రోజుకో పెట్టె చొప్పున ఏడాది కాలిస్తే ఊపిరితిత్తుల్లో ఒక్కో కణానికి 150 మార్పులు, స్వరపేటికలో 97, గొంతులో 39, నోట్లో 23, మూత్రాశయంలో 18, కాలేయంలో 6. పొగ వెళ్ళని మూత్రాశయంలో కూడా 18! ఆ పట్టిక క్లాసులో బోర్డు మీద రాసిన రోజు వెనక బెంచీ కుర్రాళ్ళు కూడా తల దించుకుని నోట్సులోకి ఎక్కించుకున్నారు.

నాన్నమ్మ విషయంలో ఊళ్ళోవాళ్ళు వెతకాల్సిన పని లేకపోయింది. చుట్ట కనిపిస్తూనే ఉంది. కానీ చాలాసార్లు కారణం కళ్ళ ముందు ఉండదు. అలాంటి కథ ఒకటి చదివి నాకు ఒళ్ళు జలదరించింది.

డాన్యూబ్ నదికి చేరే ఉపనదుల ఒడ్డున, బోస్నియా, క్రొయేషియా, సెర్బియా, రొమేనియా, బల్గేరియాల్లో కొన్ని ఊళ్ళున్నాయి. మన లంకల్లాగే నది పక్కన పొలం చేసుకునే ఊళ్ళు. అక్కడ కొన్ని ఇళ్ళలోనే కిడ్నీలు పాడైపోతూ ఉండేవి. పక్క ఊరు బాగానే ఉంటుంది, ఈ ఊళ్ళో తల్లికీ కొడుక్కీ కోడలికీ వస్తుంది. అలా జబ్బు పడ్డవాళ్ళలో చాలామందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చేది. 1950ల నుంచీ వైద్యులు రాస్తూనే ఉన్నారు. వంశం అన్నారు, నీళ్ళు అన్నారు. చివరికి తేలినది గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు మొక్క. అరిస్టలోకియా. దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి, పిండి నుంచి రొట్టెలోకి పోయేవి. అందులోని ఆమ్లం డీఎన్ఏలో ఎ అక్షరాన్ని పట్టుకుంటుంది. దాంతో ఎ బదులు టి పడుతుంది, జత వైపు నుంచి చూస్తే టి పోయి ఎ అవుతుంది. ఇంకేదీ ఇంత గట్టిగా ఈ గడిలో గాటు పెట్టదు కాబట్టి, ఆ సంతకం కనిపిస్తే ఆ మొక్కేనని చెప్పొచ్చు. తైవాన్‌లో మూలికా మందులు వాడినవాళ్ళ కణితుల్లోనూ 2013లో అదే సంతకం దొరికింది. తెలియక తిన్న రొట్టె. అన్నేళ్ళపాటు ఆ ఇళ్ళ కోడళ్ళు ఎన్ని మాటలు పడి ఉంటారో.

అదే కుటుంబం మొక్క మన దగ్గరా ఉంది. నల్ల ఈశ్వరి. పాము కరిస్తే వేరు నూరి తాగించేవాళ్ళు. మా దొడ్లో కూడా కంచె మీద పాకేది. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మనుషులకి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి చెప్పింది. దయచేసి ఎవరు చెప్పినా ఆ వేరు కడుపులోకి తీసుకోకండి. పాము కరిస్తే ఆస్పత్రికే వెళ్ళండి.

బూజు సంగతి కూడా ఒక మాట. తడిసిన వేరుశనగ, మొక్కజొన్న మీద పట్టే బూజు వదిలే అఫ్లాటాక్సిన్‌కీ ఒక సంతకం ఉంది, కాలేయ క్యాన్సర్లలో కనిపిస్తుంది. నవంబరు తుఫానుకి తడిసిన గింజల్ని "ఎండబెడితే పోతుందిలే" అని ఇంటికి వాడుకునే అలవాటు మనకి ఉంది. బూజు తుడిస్తే పోతుంది, విషం పోదు.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వస్తాను.

పేగులో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియాలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది డీఎన్ఏ రెండు పోగుల్నీ కలిపి కుట్టేసి పాడుచేస్తుంది. దాని గాటు ఎలా ఉంటుందో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2020లో ప్రయోగశాలలో పెంచిన చిన్న చిన్న పేగు ముద్దల మీద చూపించారు. 2025లో అలెగ్జాండ్రోవ్ బృందం 11 దేశాల నుంచి 981 మంది పెద్దపేగు కణితుల్ని చదివింది. 40 ఏళ్ళ లోపు జబ్బు పడ్డవాళ్ళలో ఈ సంతకం, 70 దాటాక పడ్డవాళ్ళలో కంటే 3.3 రెట్లు ఎక్కువగా ఉంది. ఆ గాట్లు కణితి కథలో చాలా ముందే పడ్డాయి. పుట్టిన మొదటి పదేళ్ళలోనే పడి ఉంటాయని వాళ్ళ అంచనా.

మొదటి పదేళ్ళు. అంటే వాడు నా చంకలో తిరిగిన రోజులు. మట్ట ఇంకా మొవ్వులో ముడుచుకుని ఉన్న రోజులు.

జాగ్రత్తగా చెప్పాలి. ఈ సంతకమూ, చిన్న వయసులో వచ్చే పేగు క్యాన్సరూ కలిసి కనిపిస్తున్నాయన్నారు, ఇదే కారణమని తేల్చేయలేదు. మా తమ్ముడి కణితిని ఎవరూ ఇలా చదవలేదు కాబట్టి వాడి విషయంలో జరిగింది ఇదేనని నేను అనను. ఆ 11 దేశాల్లో మన దేశం లేదు. ఇది నన్ను బాగా బాధపెట్టింది. నోటి క్యాన్సర్ మీద మనవాళ్ళు గట్టి పనే చేశారు. బెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ సంస్థ, ముంబయి పరిశోధకులు కలిసి, దవడకీ చిగురుకీ వచ్చే క్యాన్సర్ల డీఎన్ఏ చదివి 2013లో వెలువరించారు. అలాంటి పని పేగు మీద, మన డెల్టా ఊళ్ళలో కూడా జరగాలి. ఏ కాలవ నీళ్ళు తాగి పెరిగామో, ఏ చెరువు పక్కన ఆడుకున్నామో, ఏం తిన్నామో, మన గాట్లు మనమే చదువుకుంటే తప్ప తెలియదు.

కీమో గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. వాడికి ఎక్కించిన మందుల చీటీలో మూడు పేర్లున్నాయి: ల్యూకోవోరిన్, 5-ఎఫ్‌యూ, ఆక్సాలిప్లాటిన్. మొదటిది ఫోలిక్ యాసిడ్ కుటుంబానిది. 5-ఎఫ్‌యూ కణానికి టి అక్షరం అందకుండా చేస్తే, ఇది ఆ పట్టుని ఇంకా బిగిస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించినది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లలు కొంతకాలమైనా కోలుకున్నారని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లోకానికి చెప్పారు. డ్రిప్పు సీసా మీద పేరు చదువుతూ తమ్ముడికి ఇదంతా చెప్పాను. "మనోడేనా అక్కా" అన్నాడు, కళ్ళు మూసుకునే.

మూడోది, ఆక్సాలిప్లాటిన్, చల్లదనం తగిలితే ఓర్చుకోనివ్వదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్ళకి సూదులు గుచ్చినట్టు ఉండేదట. పొద్దున్నే బోరింగు నీళ్ళు తగిలినా అంతే. పిన్ని అన్ని నెలలూ వాడికి స్నానానికీ తాగడానికీ గోరువెచ్చని నీళ్ళే పెట్టింది. లేత బొండం కొట్టినా కాసేపు ఎండలో ఉంచి ఇచ్చేది. ఈ ప్లాటినం మందులు కూడా డీఎన్ఏ మీద తమ సంతకం పెట్టి వెళ్తాయి. చదవగలిగినవాళ్ళకి కణంలో అదీ కనిపిస్తుంది. జబ్బు గాట్లు, మందు గాట్లు, వయసు గాట్లు, అన్నీ ఒకే పుస్తకంలో.

ఆదివారం మధ్యాహ్నం ఆ మట్ట పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పరిచి, 96 గళ్ళ గొడవ లేకుండా, బాబాయి చెప్పినట్టే చెప్పాను. పిన్ని తెగిన అంచుల మీద వేలితో అటు నుంచి ఇటు రాస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

"నేను చూసుకోవాల్సిందేమో" అంది చివరికి.

"మొవ్వులో ఉన్నది ఎవరికి కనపడుద్ది పిన్నీ?"

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెనకవీధి ఆవిడ పలకరించడానికి వచ్చింది. మంచం మీద తమ్ముడు పడుకుని ఉన్నాడు, వినపడేంత దూరంలోనే. ఆవిడ గొంతు తగ్గించి, "అలవాట్లేమీ లేవంటారు, మరి ఎలా వచ్చిందంటావు?" అంది. నేను నోరు తెరవబోయేలోపే పిన్ని లేచింది. గోడకి ఆనించిన మట్ట తీసుకొచ్చి ఆవిడ ముందు పరిచింది.

"ఇలా కూర్చో వదినా. ఇది చూడు" అంది.